హ్రస్వములైన ఎ, ఒ ల పూర్వకథ

నెల వేఱు, నేల వేఱు. మెడ వేఱు, మేడ వేఱు. కొన యనగా చివర. కోన యనగా కొండల నడిమి లోయ. ఈ భేదమంతయు ఒక అచ్చును కుఱుచగానో నిడుపుగానో పలుకుటలోనే యున్నది. తెలుగునాట పెరిగిన బిడ్డకు దీనిని ఎవరును నేర్పనక్కఱలేదు. మహారాష్ట్రమునను, ఒడిశాలోను తరతరములుగా కాపురముండి, పిల్లలను అచ్చటి బడులకు పంపుచున్న మన కుటుంబములలో మాత్రము ఇది నేర్పవలసిన విషయమే యైనది. ఏలనన, ఆ బడులలో నేర్పు నాగరి, ఒడియా అక్షరమాలలలో ఎ, ఏ లకు వేర్వేఱు అక్షరములు లేవు. ఒ, ఓ ల సంగతియు నంతే. ఈ వెలితి ఎచ్చటినుండి వచ్చినదో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

ఊపిరితిత్తులనుండి వెలువడు గాలి కంఠములోని నాదతంత్రులను కదలించి, ఆ పిమ్మట నోటిలో ఎచ్చటను అడ్డుపడక వెలికి వచ్చినచో అది అచ్చు. అడ్డుపడినచో హల్లు. అడ్డే లేనప్పుడు అచ్చులన్నియు ఒక్క తీరుగా వినబడవలదా యందురేమో. నోరు కుండవంటిది, కుండ ఆకారము మాఱినకొలది మ్రోత మాఱును. ఇచ్చట ఆ ఆకారమును మార్చునవి నాలుక, దవడ, పెదవులు. గడ్డము క్రింద వ్రేలు పెట్టుకొని ఈ, ఏ, ఆ అని వరుసగా పలికి చూడుడు. దవడ మెట్టుమెట్టుగా దిగుట తెలియును. ఊ, ఓ అనునప్పుడు పెదవులు గుండ్రబడును, నాలుక వెనుకకు తగ్గును.

మన పూర్వులు దీనిని యంత్రములు లేకయే గ్రహించిరి. వేదము చెడకుండ పలుకుటకై ప్రాతిశాఖ్యలును, శిక్షాగ్రంథములును పుట్టినవి. అకారము కంఠ్యము, ఇకారము తాలవ్యము, ఉకారము ఓష్ఠ్యము. ఏకారమునకు కంఠతాలువులు, ఓకారమునకు కంఠోష్ఠములు స్థానములు. కాలమునుబట్టి పాణిని అచ్చులను హ్రస్వ, దీర్ఘ, ప్లుతములని మూడు విధములు చేసెను. వ్యాఖ్యాతలు దీనికి కోడికూతను పోలికగా చెప్పుదురు. అంతకంటె మమ్ము ఆశ్చర్యపఱచినది అష్టాధ్యాయి కట్టకడపటి సూత్రము. పొట్టి అకారము పలుకునప్పుడు నోరు కొంత మూతపడియుండును, ఆకారమునకు విప్పారును. రెండింటిని సవర్ణములుగా చూపుటకై గ్రంథమంతట అకారమును గూడ వివృతముగానే యెంచి, చివరి సూత్రములో దానిని మఱల సంవృతమని సరిదిద్దెను. సుమారు 4,000 సూత్రముల శాస్త్రము ఒక అచ్చు ఉచ్చారణతో ముగిసినది!

ఇంత సూక్ష్మమెఱిగినవారి పట్టికలో పొట్టి ఎ, ఒ లకు పీట లేదు. సంస్కృతమున ఏ, ఓ లు ఎల్లప్పుడును దీర్ఘములే. కావున అవసరము కలుగలేదు. అట్టి పలుకు వారి చెవిని పడలేదా యన్న, పడినది. సామవేదులలో సాత్యముగ్రి, రాణాయనీయ శాఖలవారు అర ఏకారమును, అర ఓకారమును పలుకుదురని మహాభాష్యమున పతంజలి చెప్పి, లోకమునందు గాని ఇతర వేదములందు గాని అవి లేవని త్రోసివేసెను. లోకమనగా ఆయన ఎఱిగిన లోకమనుకొందము.

బ్రాహ్మీలిపి దక్షిణమునకు వచ్చినప్పుడు ఈ చిక్కు దానితో వచ్చినది. తమిళులు హ్రస్వమైన ఎ, ఒ లపై చుక్క పెట్టవలెనని తొల్కాప్పియములోనే నియమించుకొనిరి. 18వ శతాబ్దిలో బెస్కీ పాదిరి ఆ పద్ధతిని మార్చి దీర్ఘములకే వేఱు రూపము కల్పించెను. తెలుగు కన్నడములకు ఉమ్మడియైన ప్రాతలిపిలో అట్టి గుర్తు లేదు. సుమారు 575 నాటి కలమల్ల శాసనములో 'రేనాండు' అనుచోట దీర్ఘము, 'చెనూరు' అనుచోట హ్రస్వము. రెంటికిని ఒకే ఏత్వము. చదువరికి భాష తెలియును గనుక చెల్లిపోయినది. లిపిలో లేని ఈ భేదమును కాపాడినది ఛందస్సు. పద్యములో ఎ లఘువు, ఏ గురువు. తాఱుమాఱైనచో గణము విఱిగిపోవును. తుదకు 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగునకు వర్ణములు 36 అని లెక్కించినప్పుడు, ఎ ఏ ఒ ఓ నాలుగును అందు కూర్చున్నవి. వీనిని మన వ్యాకరణములు వక్రములన్నవి.

ఐరోపావారు ఈ విషయమున మనకంటె చాల ఆలస్యముగా మేల్కొనిరి. 1867లో మెల్విల్ బెల్ నోటి స్థితులనే అక్షరములుగా గీసి చూపెను. 1886లో పారిసున అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘమేర్పడెను. 20వ శతాబ్ది తొలి భాగమున లండనులో డేనియల్ జోన్సు ఎనిమిది ప్రమాణస్వరములను నిర్ణయించెను. నాలుక ఎంత ఎత్తున నున్నది, ముందుకా వెనుకకా, పెదవులు గుండ్రబడినవా లేదా, ఇవియే కొలతలు. ఈ కొలతలో మన ఎ ముందరిది, నడిమి ఎత్తుది. ఒ వెనుకది, గుండ్రనిది. 'చేశాడు' అనునప్పుడు కోస్తావారి నోట వినబడు ఆ, ఏ ల నడిమి అచ్చునకు మాత్రము మనకింకను అక్షరము లేదు. కొందఱు 'చేసేడు' అని వ్రాయుట అందువలననే.

ఇక నాగరి సంగతి. రైలు స్టేషను పలకమీద తెనాలిని హిందీలో వ్రాసినది వ్రాసినట్లు చదివిన తేనాలి యగును, ఒంగోలు ఓంగోలగును. తెలుగు వచ్చినవాడు తడబడడు, కలమల్ల శాసనము చదివినవానివలె. మన పిల్లలకు అట్టి ఆధారము ఇంట వినిన మాట యొక్కటే. దక్షిణభాషలు వ్రాయుటకై నాగరిలో హ్రస్వములకు గుర్తులు తరువాత కల్పించిరి గాని, బడి వాచకములలో వానికి చోటు లేదు. కనుక ఇంట ఓనమాలు దిద్దించునప్పుడు ఎ, ఏ లను ఒక్క గుక్కలో దాటింపక జంటమాటలతో పలికించుట మేలని మా అభిప్రాయము. పిదప ఒక పద్యము కంఠస్థము చేయించినచో, దీర్ఘము తప్పినచోట వారి చెవియే పట్టుకొనును.