నవలా ప్రణాళిక

నవల రాయబోయే ముందూ, రాస్తున్నప్పుడూ కథాకాలం, పాత్రలు, సంఘటనల వరస, కథ చెప్పే గొంతు గురించి రచయిత చేసుకునే ఏర్పాటు. అది కాగితం మీదే ఉండాలన్న నియమం లేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారు. అయినా కథ జరిగే సుబ్బన్నపేటలో గుడి, కోట, ఊరి క్షీణత ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే సాగుతాయి.

చట్రాన్ని అరువు తెచ్చుకోవడమూ ఒక పద్ధతే. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’కు గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ. చితికిపోయి మళ్లీ నిలదొక్కుకునే కుటుంబం అక్కడిది. ధవళేశ్వరం, జ్యోతిషాల పిచ్చి, బంధువుల ముఖస్తుతి ఇక్కడివి.

కథ ఎవరి కళ్లతో చూడాలన్నది కథకన్నా ముందే తేలాలి. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో కథానాయకుడు సుబ్బయ్య భయాన్ని బయటినుంచి వర్ణించి ఉంటే అతను ఉత్త పిరికివాడిగా మిగిలేవాడు.

పాత్రల వయసులు, తిథులు, ఊళ్ల మధ్య దూరాలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం చిన్న పనే. అది చేయకపోతే చైత్రంలో పెళ్లయిన నాయిక భాద్రపదంలో నెలలు నిండి ప్రసవిస్తుంది. వారపత్రిక సీరియళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ: అచ్చయిన భాగాన్ని దిద్దే వీలుండదు, ప్రతి వారం చివర ఉత్కంఠ నిలపాలి. పుస్తకంగా వేసేటప్పుడు ఆ ఉత్కంఠ కొక్కేలను తీసేయకపోతే చదువరికి అడుగడుగునా తగులుతాయి.