గట్టి జట్ల మధ్య పడితే

మా తాడేపల్లి కుర్రాడు యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడాలనుకుంటే దగ్గర్లో వడ్డేశ్వరంలో కేఎల్ ఉంది, కాజ దాటాక నాగార్జున ఉంది. ఏ జట్టైనా సౌత్ జోన్ పోటీలకు వెళ్లాలి, అక్కడ మొదటి నాలుగింట్లో నిలిస్తేనే అఖిల భారత పోటీ. ఆ జోన్‌లోనే కేరళ జట్లూ ఉంటాయి. కాలికట్ యూనివర్సిటీ అఖిల భారత ట్రోఫీని ఎన్నోసార్లు పట్టుకుపోయింది. అలాంటివాళ్లు మన జోన్‌లో ఉండటం మనకు శాపమే.

నేనుండే నార్త్ కరొలైనాలో సంగతి తలకిందులు. గట్టి జట్ల గుంపులో పడటం ఇక్కడ వరం.

అమెరికాలో కాలేజీలు కాన్ఫరెన్సులనే కూటములు కట్టి ఆడతాయి. జోన్‌లాగా పైవాళ్లు గీసిన గీత కాదు, కాలేజీలు తమలో తాము కుదుర్చుకున్న పొత్తు. పొత్తన్నాక తెగుతుంది కూడా. 1953 మేలో గ్రీన్స్‌బరో దగ్గర ఏడు కాలేజీలు సదరన్ కాన్ఫరెన్సు నుంచి విడిపోయి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు పెట్టుకున్నాయి. తగవు సాకర్ (మన ఫుట్‌బాల్) గురించి కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సీజన్ చివర వచ్చే బౌల్ మ్యాచులు ఆడనివ్వలేదని కోపం. అయినా ఆ కూటమి సాకర్‌కు కోటయింది. అందులోని వర్జీనియా 1991 నుంచి 1994 దాకా వరసగా జాతీయ విజేత. 2021, 2023లో క్లెమ్సన్, మధ్యలో సిరక్యూస్.

జాతీయ టోర్నమెంటులో 48 జట్లు. కాన్ఫరెన్సు విజేతలకు నేరుగా చోటు. మిగతా చోట్లు కమిటీ పంచుతుంది, కిటుకంతా అక్కడే. ఏళ్ల తరబడి కమిటీ ముందు పెట్టుకున్న ఆర్‌పీఐ లెక్కలో జట్టు సొంత గెలుపుల వాటా పావే. సగం ప్రత్యర్థుల గెలుపోటములది, మిగతా పావు ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులది. సంబంధం చూసేటప్పుడు పిల్లాడి జీతం కన్నా మేనమామల ఆస్తి ఎక్కువ ఆరా తీసినట్టన్నమాట. గట్టి కాన్ఫరెన్సులో అరడజను మ్యాచులు ఓడినా పిలుపు రావచ్చు. చిన్న కాన్ఫరెన్సులో దాదాపు అన్నీ గెలిచి, చివరి మ్యాచులో జారితే ఇంటికే. నాకిది పూర్తి న్యాయంగా తోచదు. కానీ రెండు వందల పైచిలుకు జట్లు ఒక్క సీజన్‌లో అన్నీ అన్నింటితో ఆడలేవు కదా, ఏదో ఒక తూకం పెట్టక తప్పదు. ఇదే లెక్క మన సౌత్ జోన్‌కు పెడితే కాలికట్ చేతిలో ఓడినా నాగార్జున ఖాతాలో ఎంతో కొంత పడుతుంది.

విచిత్రమేమంటే, ఈ పొత్తుల్లో సాకర్ మాట చెల్లదు. డబ్బులో మునిగితేలే ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్సు మగపిల్లల సాకర్ నడపనే నడపదు. అందులోని కెంటకీ, సౌత్ కరొలైనా తమ సాకర్ జట్లను 2022లో సన్ బెల్ట్ కాన్ఫరెన్సులో చేర్చాయి. మార్షల్ కూడా ఆ ఏడే చేరడంతో సన్ బెల్ట్ సాకర్‌లో పెద్ద పేరైపోయింది. ఇక పసిఫిక్ వైపున్న స్టాన్‌ఫర్డ్ 2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరింది! కారణం మళ్లీ అమెరికన్ ఫుట్‌బాల్, దాని టీవీ డబ్బు. 2015 నుంచి వరసగా మూడుసార్లు జాతీయ కప్పు గెలిచిన సాకర్ జట్టు ఇప్పుడు కాన్ఫరెన్సు మ్యాచు కోసం ఖండం దాటాలి.

2024 డిసెంబరులో జాతీయ టోర్నమెంటు ఆఖరి మ్యాచులు నార్త్ కరొలైనాలోనే, కేరీలో జరిగాయి. అమెరికా ఈస్ట్ అనే చిన్న కాన్ఫరెన్సు నుంచి సీడింగ్ లేకుండా వచ్చిన వెర్మాంట్ ఫైనల్లో మార్షల్‌ను అదనపు సమయంలో 2-1తో ఓడించింది. చివరి నాలుగు జట్లలో అట్లాంటిక్ కోస్ట్‌ది ఒక్కటీ లేదు.