ఆళ్లగడ్డ శిల్పకళ

నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కడపకు వెళ్లే జాతీయ రహదారి మీదున్న ఆళ్లగడ్డలో శిల్పుల కుటుంబాలు తరతరాలుగా సాగిస్తున్న రాతిచెక్కడపు కళ ఇది. మూలవిరాట్టులు, ధ్వజస్తంభాలు, మకరతోరణాలు, ఇటీవలి దశాబ్దాల్లో నాయకుల విగ్రహాలు ఇక్కడ తయారవుతున్నాయి. ఈ చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దీన్ని గురించి రాసేవారు చాలావరకు ఊరి కళగానే రాస్తారు, శిల్పిని ఆ ఊళ్లో కలిపేస్తారు. శాస్త్రం చెప్పిన కొలతల్ని తు.చ. తప్పక పాటించేచోట వ్యక్తిగత శైలికి తావెక్కడిదన్నది దాని వెనకున్న భావన. ఈ భావన పొరపాటని ఇక్కడి రాళ్లే చెబుతున్నాయి.

ఆళ్లగడ్డకు దగ్గరలోనే నల్లమల ఒడిలో అహోబిలం ఉంది. విజయనగర పాలకుల ఆదరణ పొందిన నరసింహ క్షేత్రమది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో, 1515లో, ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్టు శాసనం ఉంది. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుని ఆలయ మండపాలు చూస్తే ఆ కాలపు స్తంభశిల్పం తీరు తెలుస్తుంది. శైలి గురించి ఆలోచించేవారికి మాత్రం అంతకంటే ముఖ్యమైనవి నవ నారసింహ రూపాలు. దేవుడు ఒక్కడే, రూపాలు తొమ్మిది. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీలుస్తుంటాడు. మాలోలుడు లక్ష్మీదేవితో ప్రసన్నంగా కూర్చుంటాడు. కారంజ నరసింహుడి చేతిలో విల్లుంటుంది. ఛత్రవట నరసింహుడు సంగీతం వింటూ తాళం వేస్తున్నాడని భక్తులు చెప్పుకుంటారు. ఈ తేడాలన్నీ సంప్రదాయం ముందే నిర్ణయించినవి, ఇందులో శిల్పి కల్పన ఏముందని అడగవచ్చు. సంప్రదాయం నిర్ణయించింది భంగిమను, ఆయుధాన్ని. అదే సింహముఖంలో ఒకచోట రౌద్రాన్నీ మరోచోట ప్రసన్నతనూ పలికించడం చెక్కినవాడి చేతిలోనిదే.

అసలు శాస్త్రం ఎంతవరకు నిర్ణయిస్తుందో చూడాలి. తాలమానమనే కొలతల పద్ధతి ప్రకారం విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాలం వాడతారు. అంటే మూర్తి ఎత్తును 124 భాగాలు చేసి, అందులో ఒక్కో భాగాన్ని అంగుళంగా తీసుకుంటారు. దేవేరులకు మధ్యమ దశతాలం, 120 అంగుళాలు. వినాయకుడికి పంచతాలం. బ్రహ్మసూత్రమనే నడిమి నిలువు గీత నుంచి కళ్లు, భుజాలు, నాభి ఎంతెంత దూరంలో ఉండాలో లెక్క కడతారు. పొడవు వెడల్పులకు ఇంత కట్టుదిట్టమైన లెక్క ఉంది గానీ, పెదవి కొస ఎంత మెత్తగా లోపలికి తిరగాలో, కనురెప్ప ఎంత బరువుగా వాలాలో ఆ లెక్కకు అందదు. రాయి స్వభావం కూడా శిల్పికి ఇంకొంత స్వేచ్ఛ ఇస్తుంది. నల్లరాయిని ఉలితో చెక్కి వదిలేస్తే బూడిదరంగులో ఉంటుంది, నున్నగా రుద్దితే నల్లగా మెరుస్తుంది. అంటే ఒకే రాతిలో రెండు రంగులు. నగలను ఉలిదెబ్బల గరుకులో వదిలి దేహాన్ని మెరిపించాలా, అంతటా ఒకే నునుపు తేవాలా అన్నది శిల్పి రంగులు లేకుండానే చిత్రకారుడిలా తీసుకునే నిర్ణయం.

గుడిలో ప్రతిష్ఠ జరిగాక మూర్తి ఒక్క రాయితోనే ఆగదు. నూనె, చందనం, నామం, పట్టువస్త్రం, వెండి కవచం ఒకదానిమీద ఒకటి చేరతాయి. నేటి చిత్రకారులు మిశ్రమ మాధ్యమం అంటున్న పద్ధతి మన గుడుల్లో నిత్యం జరిగే అలంకారమే. అలంకారంలో దేహం చాలావరకు మరుగున పడి, భక్తుడికి మిగిలేది ముఖం. కాబట్టి శిల్పి ప్రతిభను ముఖంలో వెతకడమే సరైన పద్ధతి. కళ్లు తెరిపించే నేత్రోన్మీలనానికి సంప్రదాయం అంత విలువ ఇవ్వడం కూడా ఈ వాదనకు బలమిస్తుంది.

మన శిల్పులు పేరు కోరుకోలేదని, అజ్ఞాతంగా ఉండడమే వారి ధర్మమని మరో అభ్యంతరం వినిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. 13వ శతాబ్దపు సోమనాథపురంలో మల్లితమ్మ తన పేరును అనేక శిల్పాల కింద చెక్కుకున్నాడు. ఆయనా శాస్త్రానికి కట్టుబడినవాడే. మన పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అనే పిలుస్తారని ప్రతీతి. 2021లో యునెస్కో జాబితాలోనూ రుద్రేశ్వరాలయమన్న పేరుతో పాటు ఆ పేరు చేరింది. పేరు వద్దనుకున్న శిల్పులూ ఉండవచ్చు, కానీ పేర్లు నమోదు చేయకపోవడానికి అది సాకు కాకూడదు.

ఇప్పుడు కటింగ్ మిషన్లు, గ్రైండర్లు వచ్చాక చేతి శైలి ఎక్కడ మిగిలిందన్న అనుమానం మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. యంత్రం ఎక్కువ మొత్తంలో రాతిని త్వరగా తొలగిస్తుంది. ముఖాన్నీ వేళ్లనూ కూడా దానికే వదిలేస్తే ముఖాలన్నీ ఒకే పోలికకు వస్తాయి. ముతకపని యంత్రానికి ఇచ్చి చివరిపని ఉలికి ఉంచుకుంటే ఆ ప్రమాదం లేదు. నాయకుల విగ్రహాల్లో ఈ తేడా తేలిగ్గా పట్టుకోవచ్చు. అక్కడ తాలమానం సాయపడదు, ఫొటో ఒక్కటే ఆధారం, పోలిక కుదిరిందో లేదో ఊరంతా చెప్పగలదు.

1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ఆళ్లగడ్డ పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుంది. ఆ పేరు వాడుకునే హక్కున్న ఉత్పత్తిదారులనూ రిజిస్టరులో చేర్చే ఏర్పాటు అందులో ఉంది. ఏ మూర్తిని ఎవరు చెక్కారన్నది మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాదు. దాన్ని నమోదు చేసే పని మూర్తిని చేయించుకునే దేవాలయ కమిటీలదే. దాతల పేర్లు చెక్కించే పాలరాతి పలక మీదే శిల్పి పేరు, సంవత్సరం కూడా చేర్చడానికి వాళ్లకు అడ్డేమీ లేదు.