ఖర్చయిన ధనం, జరిగిన పని

ఒక గృహస్థు తన పెరటికి 100 అడుగుల ప్రహరీగోడ కట్టించదలచినాడని అనుకొందాం. 10 దినాలలో పూర్తి కావలెననీ, వ్యయం 1,000 రూపాయలకు మించరాదనీ అంచనా. 5 దినాలు గడచిన పిమ్మట చిట్టా తీసి చూడగా 600 రూపాయలు ఖర్చయినట్లు తేలినది. సగం కాలానికి 500 కావలసిన చోట 600 అయినవి గదా అని ఆయన నొచ్చుకొంటాడు. పోనీ, మిగిలిన దినాలలో సర్దుకొనవచ్చునని సమాధానపడతాడు. కాని గోడ దగ్గరకు పోయి కొలిస్తే లేచినది 40 అడుగులే! అడుగుకు 10 రూపాయల చొప్పున, అంచనాను బట్టి దాని విలువ 400 రూపాయలు. అనగా 600 వెచ్చించి 400 రూపాయల పని చేయించుకొన్నాడు. పని ఇదే తీరున సాగిన పక్షంలో గోడ పూర్తి కావడానికి 1,500 రూపాయలు, పన్నెండున్నర దినాలు పడుతుంది. చిట్టాలో 100 రూపాయలుగా కనిపించిన నష్టం వెనుక 500 రూపాయల నష్టం దాగి ఉన్నది.

ఈ 400 అనే అంకెకే ‘ఎర్న్‌డ్ వాల్యూ’ అని పేరు. మనం ఆర్జిత విలువ అనుకొనవచ్చును. జమాఖర్చుల పుస్తకంలో అంచనా ఉంటుంది, ఖర్చు ఉంటుంది. జరిగిన పని మాత్రం ఉండదు. ఆ మూడవ అంకెను కూడా చేర్చి మూడింటినీ పక్కపక్కన చూడవలెనన్న ఆలోచన 20వ శతాబ్ది ప్రారంభంలోనే అమెరికా కర్మాగారాల ఇంజనీర్లకు కలిగినది. అది ప్రభుత్వ నిబంధనగా మారినది మాత్రం ఆయుధ నిర్మాణం మూలంగానే.

1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను అంతరిక్షంలోనికి పంపగానే అమెరికాకు తొందర పట్టుకొన్నది. జలాంతర్గామి నుండి ప్రయోగించదగిన పొలారిస్ క్షిపణిని తయారుచేయించే భారం అప్పటికే నౌకాదళంలోని ప్రత్యేక ప్రాజెక్టుల కార్యాలయం మీద, దాని అధిపతి అడ్మిరల్ విలియం రాబోర్న్ మీద ఉన్నది. ఆ కార్యాలయమూ, లాక్‌హీడ్ సంస్థా, బూజ్ ఆలెన్ హామిల్టన్ అనే సలహా సంస్థా కలిసి 1958లో ‘పెర్ట్’ అనే పద్ధతిని రూపొందించినారు. వేలకొలది పనులను గీతలతో కలిపి, ఏది ఆలస్యమైతే ఏది ఆగిపోతుందో చూపే పటం అది. 1960 జూలై 20న జార్జి వాషింగ్టన్ అనే జలాంతర్గామి సముద్రగర్భం నుండి పొలారిస్‌ను విజయవంతంగా ప్రయోగించినది. ఆ ప్రతిష్ఠలో పెద్దపాలు పెర్ట్‌కు దక్కినది. ఆ పటాలు పనిని నడపడానికి తోడ్పడిన దానికంటే, పై వారి జోక్యం నుండి ఆ కార్యాలయాన్ని కాపాడడానికి ఎక్కువ తోడ్పడినవని హార్వే సపోల్‌స్కీ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 1972లో ప్రచురించిన గ్రంథంలో వాదించినాడు. గోడ మీద అందమైన పటం ఉంటే ప్రశ్నలు తగ్గుతవన్న సంగతి ఎరుగని కార్యాలయం ఏ దేశంలోనూ ఉండదనుకొంటాను.

పెర్ట్ కాలాన్ని చూపినది గాని ధనాన్ని చూపలేదు. 1962లో ధనాన్ని కూడా జోడించి కంట్రాక్టర్ల మీద రుద్దగా, తమ లెక్కల పద్ధతి తమకుండగా ప్రభుత్వం మరొకటి నేర్పడమేమిటని వారు ఎదురు తిరిగినారు. అదే కాలంలో వైమానిక దళం మినిట్‌మాన్ క్షిపణి పనిలో ఆర్జిత విలువను పరీక్షించి చూచినది. ఆ అనుభవంతో రక్షణ శాఖ 1967 డిసెంబరులో ఒక ఉత్తర్వు జారీ చేసినది. దానిలోని తెలివి గమనించదగినది. ఏ పద్ధతినైనా అనుసరించండి, కాని అది మేము చెప్పే 35 లక్షణాలకు సరిపోవలె నన్నది దాని సారాంశం. పనిని చిన్న చిన్న భాగాలుగా విడదీయడం, ప్రతి భాగానికి అంచనా, గడువు, బాధ్యుడు ఏర్పరచడం, నెలనెలా జరిగిన పనిని విలువ కట్టి నివేదించడం వాటిలో ముఖ్యమైనవి. ఖర్చెంతయితే అంత ప్రభుత్వమే చెల్లించే కంట్రాక్టులలో నష్టమంతా ప్రజల సొమ్మే గనుక, ఆ నష్టాన్ని ముందుగా పసిగట్టే కన్ను అవసరమైనది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గోడను టేపుతో కొలవవచ్చును. ఇంకా పుట్టని విమానపు నమూనాను దేనితో కొలుస్తాం? ఒక రెక్కకు గీయవలసిన చిత్రపటం సగం పూర్తి అయినదని ఇంజనీరు చెప్పితే, ఆ సగాన్ని చూచినదెవరు? అందుకని, పని మొదలుపెట్టగానే సగం విలువ, ముగించగానే మిగతా సగం వేయడమనీ, పూర్తయ్యేదాకా సున్నయే వేయడమనీ, కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. అప్పటికీ లొసుగులున్నవి. సులువైన పనులకు ఆరంభంలో హెచ్చు విలువ వేసికొని పని జోరుగా సాగుతున్నట్లు కనిపించవచ్చును. రేపటి పనికి కేటాయించిన ధనాన్ని ఈనాటి పనికి మళ్లించి లోటును కప్పిపుచ్చవచ్చును. పూర్తి అయిన పటాన్ని బరువు ఎక్కువైనదని మళ్లీ గీయవలసి వస్తే, ఒకసారి ఆర్జించిన విలువను తీసివేయడానికి ఎవరికీ చేయి రాదు. ఇవన్నీ ఎరిగిన లెక్కల నిపుణులు రక్షణ శాఖలో లేకపోలేదు. వారు ఎరిగినది నిర్ణయం చేయవలసినవారి దాకా పోయినదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఏ-12 విమానపు చరిత్రలో దొరుకుతుంది.

విమానవాహక నౌకల మీది పాతబడిన ఏ-6 విమానాల స్థానంలో, రాడారుకు చిక్కని త్రికోణాకారపు బాంబరు కావలెనని నౌకాదళం సంకల్పించినది. పోటీలో ఉన్న నార్త్‌రాప్, గ్రుమ్మన్ సంస్థల జట్టు ఇంత కొత్త పనిని స్థిరమైన ధరకు ఒప్పుకొనడానికి నిరాకరించి తప్పుకొన్నది. 1988 జనవరి 13న మెక్‌డానెల్ డగ్లస్, జనరల్ డైనమిక్స్ సంస్థలు జంటగా కంట్రాక్టు పుచ్చుకొన్నవి. లక్ష్యంగా పెట్టుకొన్న ధర 438 కోట్ల డాలర్లు, దానిపై ఒక గరిష్ఠ పరిమితి. పరిమితి ఉన్నది గదా, మించితే నష్టం వారిదేనన్న ధీమా ప్రభుత్వానిది. ఎన్నడూ చేయని పనికి ధర ముందే కట్టిపెట్టి, ఆ కట్టుబాటును చూచుకొని నిశ్చింతగా ఉండడం నాకు వింతగా తోస్తుంది. పని అత్యంత రహస్యంగా సాగినందువల్ల నివేదికలు చూడదగినవారు కొద్దిమందే. విమానం బరువు పెరిగినది. కొత్త మిశ్రమ పదార్థాలతో పెద్ద భాగాలు తయారు చేయడం అనుకొన్నంత తేలిక కాలేదు.

1990 ఏప్రిల్ 26న రక్షణ మంత్రి రిచర్డ్ చేనీ అమెరికా కాంగ్రెసు ముందు ముఖ్య విమానాల సమీక్షను వినిపించినాడు. ఏ-12ల సంఖ్యను 858 నుండి 620కి తగ్గించినాడే గాని, పని చక్కగానే సాగుతున్నదన్న భావంతోనే మాట్లాడినాడు. జూన్ 1న కంట్రాక్టర్లు నౌకాదళానికి తెలిపినది వేరు: మొదటి ఎగురుదల చాలా వెనుకబడుతుంది, వ్యయం గరిష్ఠ పరిమితిని దాటుతుంది, ఆ నష్టాన్ని తాము భరించలేము! మంత్రి మాటకూ ఈ మాటకూ నడుమ గడచినది 5 వారాలు మాత్రమే.

నౌకాదళ కార్యదర్శి విచారణకు ఆదేశించగా నౌకాదళ న్యాయవిభాగపు ఉన్నతాధికారి చెస్టర్ పాల్ బీచ్ విచారించి 1990 నవంబరు 28న నివేదిక సమర్పించినాడు. ఆ నివేదికను చదివినవారికి ఆశ్చర్యం కలిగించేది ఒకటే. దాచినది ఏమీ లేదు! కంట్రాక్టర్లు పంపిన వ్యయ నివేదికలలోనే ఖర్చు పెరుగుతున్న సంగతీ, పని వెనుకబడుతున్న సంగతీ ఉన్నవి. కంట్రాక్టర్లు ఆ అంకెల కింద, ముందుముందు కోలుకొంటామని ఆశాభావం వ్రాసినారు. నౌకాదళపు లెక్కల నిపుణులు ఆ ఆశకు ఆధారం లేదని గ్రహించి ఇంకా హెచ్చు వ్యయాన్ని ఊహించినారు. ప్రాజెక్టు అధికారి మాత్రం ఆ ఊహలలో మెత్తనైన దానిని ఎంచుకొని పై వారికి అందించినాడు.

1977 నుండి 400కు పైగా ప్రాజెక్టులలో రక్షణ శాఖకు కలిగిన అనుభవాన్ని కూడా బీచ్ ఉదాహరించినాడు. పని 15 శాతం నుండి 85 శాతం దాకా నడిచే కాలంలో, ఏర్పడిన లోటు చెప్పుకోదగినంతగా తగ్గడం ఏ ఒక్క ప్రాజెక్టులోనూ జరగలేదు. పైపెచ్చు పెరగడమే మామూలు. అంటే మన గృహస్థు 15 అడుగులు లేచినప్పుడే కొలిచి ఉంటే, సర్దుకొంటుందన్న సమాధానానికి తావుండేది కాదు.

ప్రాజెక్టు అధికారి దుర్మార్గుడని బీచ్ అనలేదు. తన పనికి ఏటేటా కాంగ్రెసు నుండి ధనం రాబట్టుకొనవలసినవాడు, మరొక విమానంతో పోటీపడవలసినవాడు, చెడువార్తను తానే మోసుకొని పోవడానికి జంకుతాడు. చెడువార్త మెట్టు మెట్టుకూ కొంత మెత్తబడుతూ పోతుంది. ఇది ఒక్క మనిషి తప్పు కాదనీ, అలవాటుగా పాతుకొన్న జాడ్యమనీ, మందు వేయకపోతే ఇదే మళ్లీ జరుగుతుందనీ ఆయన హెచ్చరించినాడు. ఆ డిసెంబరులో రక్షణ శాఖలో సేకరణకు బాధ్యుడైన ఉపకార్యదర్శి జాన్ బెటీ రాజీనామా చేసినాడు. నౌకాదళ విమాన విభాగాధిపతి పదవీ విరమణ చేయవలసి వచ్చినది. మరి ఇద్దరు అధికారులకు అభిశంసన పత్రాలు అందినవి. 1991 జనవరి 7న చేనీ కంట్రాక్టును రద్దు చేసినాడు. ఇంకెంత కావలెనో తనకు ఎవరూ నిశ్చయంగా చెప్పలేకపోయినారన్నది ఆయన చెప్పిన కారణాలలో ఒకటి.

ఆ తరువాత వచ్చిన సంస్కరణలు సూత్రాన్ని మార్చలేదు. అంకె ఎవరి బల్ల మీదికి పోవలెనన్నదానినే మార్చినవి. ఈ వ్యవహారాన్ని లెక్కల శాఖ నుండి తీసి సేకరణ శాఖకు అప్పగించడం 1989లోనే మొదలైనది. ఏ-12 తరువాత, కంట్రాక్టు కుదిరిన 6 నెలలలోగా ప్రభుత్వపు ప్రాజెక్టు అధికారి, కంట్రాక్టరు ఎదురెదురుగా కూర్చుండి అంచనాలను భాగం భాగంగా పరిశీలించవలెనన్న నియమం వచ్చినది. లెక్కలవారి మీద తోసివేయకుండా, ఆ అంచనా తనదేనని అధికారి ఒప్పుకొనడం దాని ఉద్దేశం. అన్నిటిలోనూ ఇదే మేలైన మార్పని నా అభిప్రాయం. 1996 డిసెంబరులో, పరిశ్రమల వారే మామూలు భాషలో వ్రాసిన 32 మార్గసూత్రాలను పాత 35 లక్షణాలకు బదులుగా రక్షణ శాఖ అంగీకరించినది. 1998లో అవి జాతీయ ప్రమాణమైనవి. 2011లో, లెక్కల వ్యవస్థ లోపభూయిష్ఠమని తేలిన కంట్రాక్టరు బిల్లులలో కొంత భాగాన్ని నిలిపివేసే అధికారం కూడా చేరినది.

అంతమాత్రాన జాడ్యం వదలలేదు. ఏ-12 పనిలో జనరల్ డైనమిక్స్ వంతు నడచిన టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ కర్మాగారం 1993లో లాక్‌హీడ్ చేతికి వచ్చినది. 2007లో ప్రభుత్వ పరిశీలకులు అక్కడి లెక్కల వ్యవస్థను పరీక్షించి, 32 మార్గసూత్రాలలో 19 సక్రమంగా అమలు కావడం లేదని తేల్చినారు. అప్పటికే అక్కడ తయారవుతున్నది ఎఫ్-35 విమానం. 2010 అక్టోబరులో ఆ వ్యవస్థకున్న ఆమోదాన్నే ఉపసంహరించినారు.

ఏ-12 వ్యాజ్యం మరి రెండు దశాబ్దాలు సాగినది. చెల్లించిన దానిలో 135 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వవలెనని ప్రభుత్వం, రద్దు అన్యాయమని కంట్రాక్టర్లు వాదించుకొంటూ 2011లో సుప్రీంకోర్టు దాకా పోయినారు. సైనిక రహస్యాలు బయటపెట్టకుండా తీర్పు చెప్పడం సాధ్యం కాదని కోర్టు ఉభయులనూ ఉన్నచోటనే ఉంచినది. చివరకు 2014 జనవరిలో రాజీ కుదిరినది. మెక్‌డానెల్ డగ్లస్‌ను తనలో కలుపుకొన్న బోయింగ్ సంస్థ 3 గ్రౌలర్ విమానాలను, జనరల్ డైనమిక్స్ ఓడ నిర్మాణపు లెక్కలో 19 కోట్ల 80 లక్షల డాలర్ల తగ్గింపును నౌకాదళానికి ఇచ్చినవి. ఏ-12 ఒక్కటి కూడా ఎగురలేదు.