వాల్వు పెట్టించుకున్నవాళ్ళకు వచ్చే జ్వరం

మన అరక్కోణం, గుడియాత్తం ఇళ్ళలో "వేలూరుకు తీసుకుపోండి" అంటే చాలు, ఆసుపత్రి పేరు చెప్పనక్కర్లేదు. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు వేసిన రైలుదారి మన ఊరి మీదుగానే పోతుంది. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు జిల్లా విడిపోయినా అటువైపు రోగులు ఇటు రావడం మానలేదు. జబ్బుకు జిల్లా ఎల్లలు తెలియవు గదా.

1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన సి.ఎం.సి.లో 1949లో రీవ్ బెట్స్ ఛాతీ ఆపరేషన్ల విభాగాన్ని ఆరంభించారు. 1961లో అక్కడ ఓపెన్ హార్ట్ ఆపరేషన్ జయప్రదమైంది. దేశంలో అదే మొదటిదని చెబుతారు. అంతకు ఏడాది ముందే అమెరికాలో ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్‌తో కలిసి చేసిన వాల్వును మనిషి గుండెలో పెట్టాడు. చిన్న పంజరంలో ఒక బంతి, అంతే. మన వైపు వాల్వులు చెడిపోవడానికి పెద్ద కారణం చిన్నప్పటి గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం. విదేశీ వాల్వు కొనగలిగినవాళ్ళు ఎందరు? 1990 డిసెంబరు 6న తిరువనంతపురంలో వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వును మొదటిసారి రోగికి అమర్చారు. అది పేదలకు పెద్ద మేలే.

అసలు సంగతికి వద్దాం. పెట్టిన వాల్వు మన శరీరంలో పుట్టింది కాదు. రక్తంలోకి చేరిన బాక్టీరియా దాన్ని పట్టుకుని, జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది. మందు ఆ పొర లోపలికి సరిగా పోదు. అందుకే ఆరువారాలైనా ఇంజెక్షన్లు. ఎక్కువసార్లు దొరికేది స్టెఫిలోకాకస్.

అరుదైనవాటితోనే చిక్కు. బ్రూసెల్లాను 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్ కనుక్కున్నాడు. అది మేకల నుంచి వస్తోందని 1905లో జమ్మిత్ తేల్చాడు. మేకలు, ఆవులు ఉన్న మన పల్లెల్లో పచ్చిపాలు తాగేవాళ్ళు, ఈనేటప్పుడు చేతులు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది వాల్వుకు పడితే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వంటివి కలిపి నెలల తరబడి ఇస్తారు. చాలామందికి వాల్వు మళ్ళీ మార్చాల్సి వస్తుంది.

రక్తం కల్చరులో ఈ క్రిమి మెల్లగా పెరుగుతుంది. కాబట్టి రోగికి వాల్వు ఉందనీ, ఇంట్లో పశువులున్నాయనీ డాక్టరుకు మనమే ముందు చెప్పాలి. మేము తరచు చూసేది వేరు: జ్వరం రాగానే మందులషాపులో నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు, తగ్గకపోతే మరో నాలుగు, వారం పోయాక వేలూరు బండి. అప్పటికి కల్చరులో ఏమీ పెరగకపోవచ్చు. క్రిమి చావలేదు, అణిగింది అంతే. దేనికి మందు వెయ్యాలో డాక్టరు ఊహించుకోవాలి. రక్తం తీసిన తర్వాతే మాత్ర అనే మాట మన సంఘంలో వాల్వు ఉన్న ప్రతి ఇంటికీ చేరాలి. పన్ను పీకించుకునే ముందు సంగతి కూడా చెప్పాలి, గంట ముందు వేసుకునే మందు రాసిస్తారు.

క్యూ జ్వరం ఇంకా మొండిది. మామూలు కల్చరులో అసలు దొరకదు, వేరే రక్తపరీక్ష చెయ్యాలి. వాల్వు ఉన్నవాళ్ళకు డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి కనీసం రెండేళ్ళు. డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్ళ చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. వేలూరు ఎండలో రెండు వేసవులన్నమాట.