హాకిమియ్యత్, ఓటు: ఒక మాట నడిచిన చరిత్ర

వేంపల్లెలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తర్వాత మసీదు వరండాలో ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అడిగాడు: "అధికారమంతా అల్లాహ్‌దేనని నువ్వు తర్జుమా చేసిన పుస్తకంలో రాస్తివి గదా నాయనా! మరి నేను పంచాయతీ ఓటుకు పోయేది తప్పా, ఒప్పా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన సందేహానికి మూలం విశ్వాసంలో లేదు, నేను వాడిన మాటలోనే ఉంది.

అరబీలో 'హుక్మ్' అంటే తీర్పు, ఆజ్ఞ, పాలన. దానినుండి పుట్టిన 'హాకిమియ్యత్' అనే పదాన్ని ఇరవయ్యో శతాబ్దపు రచయితలు రాజనీతి పరిభాషగా మలిచారు. తెలుగులో మేము దానికి 'సార్వభౌమాధికారం' అని రాశాం. దేశ ప్రజల చేతిలో ఉండే అధికారాన్ని తెలిపేదీ ఆ మాటే. రెండు వేర్వేరు భావాలు ఒకే మాటలో ఇమిడేసరికి వాటి మధ్య వైరం ఉన్నట్టు తోస్తుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. క్రీ.శ. 657లో సిఫ్ఫీన్ యుద్ధానంతరం మధ్యవర్తుల తీర్పుకు ఒప్పుకున్నందుకు ఖవారిజ్‌లు హజ్రత్ అలీ (రజి)ని ఎదిరించారు. తీర్పు అల్లాహ్‌దే తప్ప మనుషులది కాదన్నది వారి నినాదం. మాట సత్యమే గాని దానితో సాధించదలచినది అసత్యమనీ, ప్రజలకు నాయకుడంటూ ఒకడు ఉండక తప్పదనీ ఆయన సమాధానమిచ్చినట్లు చరిత్రకారులు చెబుతారు.

ఆధునిక కాలంలో ఈ చర్చకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు మన దక్కనులో పుట్టినవాడే. మౌలానా అబుల్ ఆలా మౌదూదీ 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో జన్మించారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారుల్ తర్జుమా కోసం అరబీ తత్వగ్రంథ భాగాన్ని ఉర్దూలోకి అనువదించారు. అంటే ఆయన కూడా కొంతకాలం మా వృత్తివాడే. 1933 నాటికి అక్కడి 'తర్జుమానుల్ ఖుర్‌ఆన్' పత్రికకు సంపాదకులయ్యారు. ఆనాటి హైదరాబాదులో ప్రజలకు జవాబుదారీ అయిన ప్రభుత్వం లేదు. బ్రిటిషిండియాలో ఎన్నికలున్నా, సంఖ్యాబలమే న్యాయమైపోతుందన్న భయం ముస్లింలలో ఉండేది. ఆయన ఆలోచనలను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

1939లో లాహోరు ఉపన్యాసంలో ఆయన ఒక మధ్యేమార్గాన్ని సూచించారు. శాసనాధికారం అల్లాహ్‌ది, అయితే ఖిలాఫత్, అనగా ప్రాతినిధ్యం, ఏ ఒక్క రాజుదో పురోహితవర్గానిదో కాదు, విశ్వాసులందరిదీ. దీనికి ఆయన 'దైవిక ప్రజాస్వామ్యం' అని పేరు పెట్టారు. రాజరికాన్ని తోసిపుచ్చే బలం ఇందులో ఉంది. లోపమూ ఉంది: ఆ ప్రాతినిధ్యం విశ్వాసులకే పరిమితమైతే, అదే నేలమీద బతికే ఇతరుల మాటకు విలువెంత? ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు పూర్తి సమానత్వం కాదు.

1941లో లాహోరులో 75 మందితో జమాఅతె ఇస్లామీ ఏర్పడింది. దేశ విభజన తర్వాత, 1948 ఏప్రిల్‌లో, భారతదేశంలో మిగిలినవారు అలహాబాదులో జమాఅతె ఇస్లామీ హింద్‌గా వేరుపడ్డారు. మొదటి సార్వత్రిక ఎన్నికలకు వారు దూరంగా ఉన్నారు. కాగా 1975లో ఎమర్జెన్సీ రోజుల్లో సంస్థ నిషేధానికి గురైంది. నిర్బంధమంటే ఏమిటో చవిచూసినవారికి ఓటు విలువ తెలిసివచ్చింది. 1977 ఎన్నికల్లో జమాఅత్ సభ్యులు ఓటు వేశారు. 1992 డిసెంబరులో మళ్ళీ నిషేధం విధించగా, తగిన ఆధారాలు లేవని 1994లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. దూరంగా ఉండదలచిన వ్యవస్థలోని న్యాయస్థానమే వారికి రక్షణ అయింది. 2011లో జమాఅత్ ప్రముఖుల చొరవతో వెల్ఫేర్ పార్టీ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

సరిహద్దుకు ఆవల మౌదూదీ అనుభవమూ గమనింపదగినదే. 1965లో సైనికాధిపతి అయూబ్ ఖాన్‌కు వ్యతిరేకంగా ఆయన ఫాతిమా జిన్నాను బలపరిచారు. 1970 ఎన్నికల్లో ఆయన పార్టీకి జాతీయ అసెంబ్లీలో నాలుగే స్థానాలు దక్కాయి. ఇస్లాం పేరు చెప్పినంతనే ముస్లింలందరూ ఓటు వేయరని ఆ ఫలితం తేల్చింది.

ఇక మన సీమ సంగతి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసినందున, ఇక్కడి ముస్లింలు తమ మతానికి చెందిన రాజు నీడ లేకుండానే తరతరాలు బతికారు. నమాజూ మానలేదు, ఊరి వ్యవహారమూ మానలేదు. బావి, బడి, దారి విషయాల్లో పక్కింటి రెడ్డితో, దళితునితో కలిసే తేల్చుకోవలసి వచ్చింది. సిద్ధాంతం కంటే ముందే జీవితం వారికి షూరా నేర్పింది.

మళ్ళీ కలిసినప్పుడు పెద్దాయనకు ఇలా చెప్పాను: "మంచిచెడ్డల కొలత అల్లాహ్‌ది. ఆ కొలత తన చేతిలోనే ఉందని ఎవడైనా గద్దెనెక్కితే, వాణ్ణి దించే హక్కు మనది. ఓటంటే అదే." ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ మాట మార్చి రాయి నాయనా" అన్నాడు. తర్వాతి ముద్రణ కోసం 'సార్వభౌమాధికారం' అన్నచోట 'పరమ ధర్మనిర్ణయం' అని దిద్దుకున్నాను. అది కూడా సరిపోతుందో లేదో పాఠకులే తేల్చాలి.