గుమ్మానికి తోరణం, గోడకు గోనెపట్టా

ఉగాది అనగానే మన మనస్సుకు ముందు వచ్చేది పచ్చడి. ఆ వెంటనే గుమ్మానికి కట్టే మావిడాకుల తోరణం. ఈ సంచికలో ఆ తోరణాన్ని గురించి, దానిని గుచ్చే నారను గురించి, ఆ నారకు తోబుట్టువైన గోనెపట్టాను గురించి రెండు మాటలు మనవి చేయదలచినాము.

తోరణం మనకు నిన్న మొన్నటిది కాదు. సాంచీ స్తూపం దక్షిణ తోరణంపై శాతకర్ణి రాజు శిల్పులలో అగ్రగణ్యుడైన ఆనందుని దానశాసనం ఉన్నది. ఓరుగల్లు కోటలోని కాకతీయుల రాతి తోరణాలు నేటికీ నిలిచి ఉన్నవి. రాజులు రాతిలో చెక్కించినదానిని సామాన్యుడు ఏటేటా పచ్చి ఆకులతో కట్టుకొన్నాడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. పండుగనాడు వాకిటిని పచ్చగా ఉంచుకోవలెనన్న కోరిక అన్ని దేశాలలోనూ ఉన్నదే. జర్మనీలోని హాంబర్గు నగరంలో 1839లో వీహెర్న్ అనే మతబోధకుడు అనాథబాలుర కోసం బండిచక్రంపై కొవ్వొత్తులు నిలిపి, క్రిస్మసు వచ్చేవరకు దినాలు లెక్కపెట్టించినాడు. తరువాత దానికి పచ్చని కొమ్మలు చుట్టడం వాడుకలోనికి వచ్చినది.

ఇక నార సంగతి. గోగు జాతి మొక్క మనకు ఆకు ఇచ్చును, నార ఇచ్చును. ఆకు వంటింటికి పోవును. కాడలను నీట నానవేసి నార తీయుదురు. భీమునిపట్నం రేవునుండి ఎగుమతి అయిన ఈ నారకు వర్తకలోకంలో ‘బిమ్లీ జూట్’ అని పేరు వచ్చినది. సంస్కృతపు ‘గోణి’యే ఇంగ్లీషువారి నోట ‘గన్నీ’ అయినది. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో జార్జి ఆక్లండు మొదటి జనపనార మిల్లు పెట్టినాడు. 1947లో దేశవిభజన జరిగి, మిల్లులు ఇటు, జనుము పొలాలు హెచ్చుగా అటు పోయినవి. అప్పుడు మన గోగునారకు గిరాకి పెరిగినది.

ఈ గోనె మా కోలారు బంగారు గనులకు బియ్యం, రాగుల మూటలై వచ్చినది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ పని మొదలుపెట్టిన తరువాత చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలనుండి వేలాది కుటుంబాలు వచ్చి ‘లైను’లలో కాపురం పెట్టినవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున బంగారం తవ్వినవారి ఇండ్లు మాత్రం వెదురు తడికలతో కట్టినవి. అట్టి ఇండ్లలో ఖాళీ గోనెసంచి ఎన్నడూ పారవేయదగినది కాదు. కుట్టు విప్పి, ఉతికి ఆరవేస్తే గుమ్మానికి తెర అయ్యేది. మడిచి కుడితే కాళ్లు తుడుచుకొనే పట్టా అయ్యేది. మా తల్లులు, అక్కలు దాని పోగులు లెక్కపెట్టి, రంగు ఊలుతో చిలుకలు, పూలకుండీలు కుట్టి గోడకు తగిలించేవారు. పండుగనాడు దాని పక్కనే పురికొసతో గుచ్చిన మావిడాకులు, బంతిపూలు వేలాడేవి. ఆ బంతి కూడా మెక్సికో ప్రాంతంనుండి వలస వచ్చినదే!

చైత్రంలో తెలుగు, కన్నడ గుమ్మాలకు ఒకేనాడు తోరణం లేచేది. ఏప్రిల్ నడుమ తమిళ సంవత్సరాది రాగా పొరుగువారి వంతు. శ్రీనివాసపురం మామిడితోపులు అందరికీ ఆకు ఇచ్చినవి. ఇది ఎవరి తోరణమని అడిగినవారు లేరు. ఈ జిల్లా తీరే అట్టిది. మాస్తి గ్రామం పేరును ఇంటిపేరుగా ధరించిన వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళం. ఆయన కన్నడంలో వ్రాసి 1983 జ్ఞానపీఠ పురస్కారం పొందినారు. కైవారం తాతయ్య నారాయణప్పగారు తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడినారు. రాష్ట్రాల ఎల్లలు ఏర్పడకముందే ఇక్కడి పల్లెలలో తెలుగు ఉన్నది. గనులకు వచ్చిన మేము వలసవారమే గాని, మా భాష ఇక్కడ వలస వచ్చినది కాదు.

2001 ఫిబ్రవరి 28తో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినది. బిడ్డలు తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి పోతున్నారు. పండుగకు ఆకు కోసి గుచ్చే తీరిక తగ్గినది. బజారులో ప్లాస్టిక్ తోరణం దొరుకుచున్నది. అది వాడదు కాబట్టి మరల కట్టవలసిన పని లేదు. పచ్చితోరణం మాత్రం ఏడాదికొకసారైనా ఇంటిల్లిపాదిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టును. అక్కడ ఆకు మడత పెట్టడం నేర్పుతూ అవ్వ పలికే తెలుగు, బడిలో తెలుగు చదువని మనుమరాలి చెవిన పడును. మేము కాపాడదలచినది ఆ కాసేపటినే.

కావున సభ్యులందరికీ మా మనవి: ఈ ఉగాదికి తోరణం కొనవద్దు, పిల్లలచేత గుచ్చించండి. ఇంట పాత గోనెసంచి ఉంటే ఒక ముక్క కత్తిరించి వారి చేతికి సూది ఇవ్వండి. పొరుగింటి కన్నడ, తమిళ బిడ్డలను కూడా పిలవండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.